బీరు లేని బీర్ గేమ్

కెంటకీలోని జనరల్ ఎలక్ట్రిక్ గృహోపకరణాల ఫ్యాక్టరీలు కొన్నాళ్లు మూడు నాలుగు షిఫ్టులు నడిచేవి. కొన్నేళ్లు తిరిగేసరికి సగం మందిని ఇంటికి పంపేవారు. మార్కెట్ ఒడిదుడుకులే కారణమని యాజమాన్యం సరిపెట్టుకుంది. కంప్యూటర్ ఇంజినీరుగా పేరు తెచ్చుకుని, 1956లో ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూలుకు మారిన జే ఫారెస్టర్‌కు ఆ జవాబు నచ్చలేదు. స్టాక్, ఆర్డర్లు, ఉద్యోగుల సంఖ్య పెట్టుకుని నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో వారం వారం లెక్క కట్టాడు. గిరాకీ నిలకడగా ఉన్నా ఉద్యోగాలు ఊగిపోతూనే ఉన్నాయి!

ఈ సత్యాన్ని చేతులతో ఆడి తెలుసుకోవడానికి 1960లలో ఎంఐటీలో రూపుదిద్దుకున్నదే బీర్ గేమ్. ఇందులో తాగేందుకేమీ ఉండదు. చిల్లర దుకాణం, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ అని బల్ల చుట్టూ నలుగురు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఆర్డరు చీటీ మాత్రమే వెళ్తుంది. సరుకు వారాలు ఆలస్యంగా అందుతుంది. మిగిలిపోయిన బీరు కేసుకు వారానికి అర డాలరు, అడిగినా ఇవ్వలేక బాకీపడ్డ కేసుకు డాలరు ఖర్చు.

కాసేపటికి కొరత మొదలవుతుంది. భయంతో ఒకరు ఎక్కువ రాస్తారు, పైవాళ్లు ఇంకా ఎక్కువ. ఆ తర్వాత సరుకంతా ఒక్కసారిగా వచ్చి గుట్టలు పడుతుంది.

అసలు ఘట్టం ఆట ముగిశాకే. కస్టమరు గిరాకీ ఎలా ఉండి ఉంటుందో గీయమంటే, చాలామంది కొండలూ లోయలూ గీస్తారు. నిజానికి అది వారానికి 4 కేసులతో మొదలై, ఒకే ఒక్కసారి 8కి పెరిగి అక్కడే నిలిచిపోయింది. అలలు పుట్టించింది తామేనని, అదీ ఎవరి తెలివితక్కువతనం వల్లా కాదని అప్పుడు తెలుస్తుంది. జాన్ స్టెర్మన్ 1989లో ప్రచురించిన పరిశోధనలో జట్ల సగటు ఖర్చు కనిష్ఠం కంటే సుమారు పది రెట్లు తేలింది.

ఈ ఆట పాఠం టయోటా తరహా ఉత్పత్తి విధానానికీ ముడిపడి ఉంది. ఆ విధానానికి 1988లో జాన్ క్రాఫ్‌సిక్ 'లీన్' అనే పేరును వాడుకలోకి తెచ్చిన వ్యాసం వెలువడింది కూడా ఎంఐటీ పత్రికలోనే. టయోటాలో తయిచి ఓనో నిలబెట్టిన కాన్‌బాన్ పద్ధతిలో, వాడినంతే వెనక నుంచి తెచ్చుకోవాలి. అంచనాలతో పోగు చేయకూడదు. ఈ ఆటలో చేతులు కాల్చుకున్నవారికి ఆ నియమం ఎందుకో విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే కాన్‌బాన్ కార్డుల పాఠం కంటే ముందు ఈ ఆట ఆడించాలని నా గట్టి అభిప్రాయం. టైము చాలదని చివరి గీతల ఘట్టాన్ని వదిలేస్తే మాత్రం, ఆడినవాళ్లు పక్క కుర్చీలోని మనిషిని తిట్టుకుంటూ ఇంటికి వెళ్తారు.