సంగటి హోటలెక్కిన కథ

కడప, కర్నూలు హోటళ్ల బోర్డుల మీద ‘రాగి సంగటి, నాటుకోడి పులుసు’ చూసి అది తాతలనాటి హోటలు తిండి అనుకుంటాం. కాదు. సంగటి ఇంటిదీ, చేనిదీ. నూక ఉడికించి, రాగిపిండి పోసి, కట్టెతో కెలికి, తడిచేత్తో ముద్ద చేసి ఊరిబిండి పచ్చడితో తినేది. రోజూ ఇంట్లో ఉన్నదాన్ని డబ్బిచ్చి ఎవరు కొంటారు? అప్పట్లో కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద వరి పండినా, మెట్ట పల్లెల్లో వరన్నం పండగపూట మాటే. 1983లో సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక ఆ లెక్క తిరగబడింది. అన్నం రోజువారీ అయింది, సంగటి అరుదై విలువ తెచ్చుకుంది. చక్కెర జబ్బు భయమే దాన్ని హోటలెక్కించిందనేవాళ్లూ ఉన్నారు. కొంత నిజమే, మరి పక్కన నెయ్యి, కోడి పులుసు ఎందుకు? అది పథ్యం కాదు, విందు.