సిమెంటును తినెడి చవుడు

అనంతపురం జిల్లా యాడికి ప్రాంతమున సున్నపురాతికి కొదువ లేదు. దానితో సిమెంటు చేయు కర్మాగారము ఆ మండలములోనే బోయరెడ్డిపల్లె వద్ద ఉన్నది. ఇక ఇండ్లకు సిమెంటు దిమ్మెలు వాడుటలో వింత యేమున్నది?

అయితే ఇది వానలు తక్కువగా కురియు మెట్టసీమ. ఇట్టిచోట నేలలోని తేమ పైకెక్కి ఎండకు ఆవిరియగునపుడు, అందు కరిగియున్న లవణములు పైననే మిగిలిపోవును. అట్లు తెల్లగా పూచిన నేలను మనము చవుడు అందుము. చవుడంతయు ఒకటి కాదు. కొన్నిచోట్ల ఉప్పు, కొన్నిచోట్ల సోడా, మరికొన్నిచోట్ల సల్ఫేటులు హెచ్చుగా నుండును. ఈ చివరివే సిమెంటుకు గిట్టవు. సల్ఫేటులన్నియు చెడ్డవి కావు సుమా! ఆ జిల్లాలోనే ముచ్చుకోట వద్ద దొరకు ముగ్గురాయి, అనగా బెరైటీసు, బేరియం సల్ఫేటే. నీట కరుగదు గనుక హాని చేయదు. కరిగి దిమ్మెలోనికి ఇంకునవే శత్రువులు.

ఆస్ప్‌డిన్ అను ఇంగ్లీషువాడు 1824లో పోర్ట్‌లాండు సిమెంటుకు పేటెంటు పొందెను. అది ఎందుకు చెడునో తెలియుటకు చాలకాలము పట్టినది. సిమెంటులోని అల్యూమినేటుతో సల్ఫేటు కలిసి ఒక క్రొత్త లవణమగునని 1890 ప్రాంతమున ఫ్రాన్సులో కాండ్లో చూపెను. సూదులవంటి ఆ స్ఫటికములకు జర్మనీలో మిఖాయెలిస్ 1892లో ‘సిమెంటు బాసిల్లస్’ అని పేరు పెట్టెను. నిజముగా అది క్రిమి కాదు, ఎట్రింగైటు అను ఖనిజము. కాని రోగమువలెనే పాకును. అది చాల నీటిని తనలో ఇముడ్చుకొని, గట్టిపడిన దిమ్మె లోపల ఉబ్బును. దిమ్మె పగులును, పగుళ్ళగుండా మరికొంత చవుటినీరు దిగును. మూలలు, అంచులు ముందు రాలును.

మందు కనుగొన్నది మనసీమవలె వాన తక్కువైన మరియొక మైదానమున. కెనడాలోని సస్కాచ్వాన్‌లో చవుటినీటికి కాంక్రీటు పాడగుచుండగా, అక్కడి విశ్వవిద్యాలయమున థోర్వాల్డ్‌సన్ 1920 దశకములో పరిశోధన సాగించెను. అల్యూమినేటు తగ్గించిన సిమెంటు సల్ఫేటులకు ఓర్చుకొనునని తేలినది. ఆవిరిలో ఉడికించిన సిమెంటు ముద్దలు మరింత నిలుచునని కూడ ఆయన బృందము చూపినది. దిమ్మెలు చేయువారికి ఇది ముఖ్యమైన మాట.

మన దేశమున ఇట్టి సిమెంటుకు 1988లో ప్రత్యేక ప్రమాణము వచ్చినది. అందు ట్రైకాల్షియం అల్యూమినేటు నూటికి 5 పాళ్ళు మించరాదు. కాని సిమెంటు మార్చి, దిమ్మెను గుల్లగా పోసినచో ఫలితము స్వల్పము. మెగ్నీషియం సల్ఫేటు అల్యూమినేటును మాత్రమే గాక, కంకరను పట్టియుంచు జిగురును సైతము చెరచును. దానిని ఆపునది దిమ్మె సాంద్రతయే: తక్కువ నీరు, బాగుగా కూర్చుట, చాలినన్నాళ్ళు తడుపుట.

పునాదికి ముందు మట్టిని పరీక్ష చేయించుట మంచిది. 2000 నాటి భారత ప్రమాణము ప్రకారము, సల్ఫర్ ట్రైఆక్సైడుగా లెక్కకట్టిన సల్ఫేటు 100 కిలోల మట్టిలో 200 గ్రాములకు లోబడినచో ఆ నేల తొలి తరగతిది. అచ్చట మామూలు సిమెంటు చాలును.