జాబితాకెక్కని ఇరవై ఏడుగురు

"మీవాళ్లు దేశం కోసం ఏం చేశారు?" అని ఎవరైనా అడగ్గానే మేం జాబితా తీస్తాం. తుర్రెబాజ్ ఖాన్, అష్ఫాఖుల్లా ఖాన్, బ్రిగేడియర్ ఉస్మాన్, అబ్దుల్ హమీద్. ఎన్నేళ్లుగానో అప్పజెబుతున్నాం. అడిగేవాళ్లకు తృప్తి లేదు, చెప్పే మాకు అలుపు లేదు.

ఆ జాబితాలో ఇమడని 27 పేర్లు ఇంగ్లండులో ఒక రాతిమీద ఉన్నాయి.

1914లో తెల్లదొరల యుద్ధం మొదలైంది. ఫ్రాన్సులో గాయపడ్డ మన సిపాయిల్లో చాలామందిని బ్రైటన్‌లోని రాజభవనాన్ని ఆసుపత్రిగా మార్చి అక్కడ పడుకోబెట్టారు. హిందువులకో నల్లా, ముస్లింలకో నల్లా. వంటశాలలైతే తొమ్మిది! చచ్చాకా దారులు వేరే. హిందువులు, సిక్కులు 53 మందిని ఊరి బయటి గుట్టల మీద దహనం చేశారు. ముస్లింల జనాజాలు వోకింగ్‌కు వెళ్లాయి. 1889లో భోపాల్ బేగం షాజహాన్ సొమ్ముతో కట్టిన మసీదు అక్కడే ఉంది మరి. ఆ మసీదు పక్కనున్న ఇంటికి మా హైదరాబాదు సాలార్ జంగ్ పేరే పెట్టారు.

తమ సిపాయిలను సరైన తీరులో దఫన్ చేయడం లేదని జర్మన్లు ప్రచారం లేపారు. మసీదు ఇమామ్ మౌల్వీ సద్రుద్దీన్ కూడా పట్టుబట్టాడు. అప్పుడు సర్కారు కదిలి, హార్సెల్ కామన్‌లో మినార్లు, గుమ్మటమున్న ద్వారంతో ప్రహరీ కట్టించింది. అందులో గౌరవం కొంత, భయం ఎక్కువ అని మా అనుమానం. ఎందుకంటే అవతల పక్షాన ఉన్నది తుర్కీ సుల్తాను, అంటే ఖలీఫా. మా నిజాం ఇంగ్లీషువాళ్ల వైపే నిలిచాడు. హైదరాబాద్ లాన్సర్లు ఆ తుర్కీ సైన్యం మీదికే సూయజ్ కాలువ దగ్గర కాపలాకు వెళ్లారు.

ఇక వీళ్లని ఏమనాలి? దేశం కోసం చచ్చారని చెప్పలేం. దీన్ కోసం అనీ అనలేం. నెల జీతం కోసం, ఇంటి అప్పు కోసం, ఊరి జైల్దారు మాట కాదనలేక వెళ్లినవాళ్లూ ఉండే ఉంటారు. అందుకే వాళ్ల పేర్లు మా నోట రావు.

రెండో ప్రపంచయుద్ధం నాటివాళ్లతో కలిపి 27 మంది. ఆ సమాధుల్ని అల్లరిమూకలు పాడుచేస్తుంటే 1960ల చివర అవశేషాలను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి తరలించారు. వోకింగ్‌లో మిగిలింది ఖాళీ ప్రహరీ, శిథిలం. దాన్ని పట్టించుకున్నది ఆ అడవినేలను కాపాడుకునే హార్సెల్ కామన్ పరిరక్షణ సంఘం. స్థానికులే, చాలామంది మన మతంవాళ్లు కారు. పురపాలక సంఘాన్నీ, వారసత్వ శాఖనూ కలుపుకుని గోడల్ని నిలబెట్టారు. 27 హిమాలయ భూర్జవృక్షాలు నాటారు, నడుమ నీటిపాయ పెట్టారు. 2015 నవంబరులో అది శాంతివనంగా తెరుచుకుంది. కట్టడం ఒకసారి పని, తోట రోజూ పని. రాలిన ఆకు ఊడ్చాలి, నీట్లో నాచు తీయాలి, గోడ బీటలు చూసుకోవాలి. ఈ 27 మంది ఎవరి జెండా కింద చచ్చారో తేలాకే ఊడుద్దామని వాళ్లు కూర్చోలేదు.

మా ఊళ్ల ఖబరస్తాన్లలోనూ పట్టాళాల్లో పనిచేసి వచ్చినవాళ్లున్నారు. షబే బరాత్‌కి ముందురోజు పారలు పట్టుకుని వెళ్తాం, సున్నం కొడతాం, అగరొత్తులు వెలిగించి ఫాతెహా చదువుతాం. మర్నాటినుంచి మళ్లీ సర్కారుతుమ్మే.