ఊరి పనికి చేతులు: కుడిమరామత్తు నుంచి శ్రమదానం దాకా

శ్రమదానం అనే మాట తెలుగు వాడుకలో స్థిరపడి ముప్పాతిక శతాబ్దం మాత్రమే అయినా, ఊరి ఉమ్మడి పనికి ఇంటికొకరు చొప్పున పారా, గంపా పట్టుకొని కదలడం ఆ మాటకంటే ఎంతో పాతది. దాని ఆనవాళ్లు ముందుగా చెరువుల చరిత్రలో కనిపిస్తాయి. వేసవిలో పూడిక తీయడం, కట్టకు పడిన గండ్లు పూడ్చడం, పంటకాలువల్లో పెరిగిన తుంగ, జమ్ము కోయడం ఆయకట్టు రైతుల వంతుగా ఉండేవి. మద్రాసు రాజధాని దస్తావేజుల్లో దీనికి కుడిమరామత్తు అని పేరు. 'కుడి' అంటే తమిళంలో ఊళ్లో కాపురమున్న రైతు, రెండో సగం మన మరమ్మతే. పోరుమామిళ్ల చెరువును వేయి మంది కూలీలు, నూరు బండ్లతో రెండేళ్లు కట్టించినట్టు 1369 నాటి శాసనం చెబుతున్నది. అయితే కట్టిన చెరువు తరతరాలు నిలవాలంటే ఏటేటా జరగవలసిన చిల్లర పనిని శిలల మీద చెక్కించాలని ఎవరికీ పెద్దగా తోచలేదు.

ఈ పనిని దానం అనడం తగదు. నీటిలో వాటా ఉన్నవాడికి బురదలోనూ వాటా ఉండేది. మరమ్మతు చూసేవారికి దశబంధం పేరుతో చెరువు కింద మాన్యం దక్కేది. కంపెనీ పాలనలో శిస్తు సర్కారుకు చేరింది, చెరువు మీద అధికారమూ సర్కారుదే అయింది, పూడిక మాత్రం రైతు నెత్తిన మిగిలింది. ఆచారంగా చేయవలసిన పనికి రానివారి నుంచి ఆ శ్రమ విలువకు రెట్టింపు వసూలు చేయవచ్చునని 1858లో మద్రాసు రాజధానికి చట్టం వచ్చింది. చట్టంతో బెదిరించి పిలవవలసి వచ్చిందంటే, ఆచారం అప్పటికే సడలిందనే అనుకోవాలి.

ఉమ్మడి శ్రమను తలచుకొని మురిసిపోయేవారు మరచిపోయే సంగతి మరొకటి ఉంది. వీధులూడ్చడం, చచ్చిన గొడ్లను ఊరవతలికి ఈడ్వడం, మరుగుదొడ్లు ఎత్తడం ఏనాడూ ఇంటికొకరు చొప్పున పంచుకున్న పనులు కావు. అవి కొన్ని కులాల మీద పుట్టుకతోనే మోపిన పనులు. తెలంగాణలో దొరలు, అధికారులు కూలి ఇవ్వకుండా చేయించుకున్న చాకిరీకి వెట్టి అని పేరు. దాని మీద ఆంధ్రమహాసభ పోరాడవలసి వచ్చింది. చెరువు మట్టి ఎత్తడానికి వెనుకాడని రైతు, వీధి చీపురు పట్టడానికి మాత్రం తరాల తరబడి ముందుకు రాలేదు.

ఆ గీతను చెరపడానికి గట్టిగా పూనుకున్నవాడు గాంధీ. 1901లో కలకత్తా కాంగ్రెసు సభల దగ్గర మరుగుదొడ్ల దుస్థితి చూసి, శుభ్రం చేయడం తమ పని కాదన్న కార్యకర్తలతో వాదించకుండా తానే చీపురు పట్టాడు. 1921లో ఆయన ప్రారంభించిన నెల్లూరు దాపుల పల్లెపాడు ఆశ్రమం ఈ ధోరణికి తెలుగునాట తొలి నెలవుల్లో ఒకటి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో గాంధీ అనుచరుడు వినోబా భావేకు నూరెకరాలు దానంగా అందడంతో భూదానోద్యమం మొదలైంది. భూమి లేనివాడు ఇవ్వగలిగింది ఒంటి కష్టమే కనుక భూదానం, సంపత్తిదానం సరసన శ్రమదానమూ చేరింది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకాలు ఆ మాటను ఊరూరికీ చేర్చాయి.

విద్యార్థులను ఈ పనిలోకి దించాలన్న ఆలోచన 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ కాలం నుంచీ నలిగి, 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో జాతీయ సేవా పథకంగా రూపు దాల్చింది. తరువాతి కాలపు నిబంధనల ప్రకారం ఈ పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దత్తత గ్రామంలో వారం రోజుల శిబిరంలో పాల్గొనాలి. శిబిరం ఊరికి ఇచ్చినదానికంటే, పల్లె మురుగుకాలువలో తొలిసారి దిగిన పట్నపు పిల్లవాడికి ఇచ్చిందే ఎక్కువ కావచ్చు. వారం తరువాత ఆ కాలువ గతి ఏమిటన్నది ఏ నివేదికలోనూ పెద్దగా కనపడని ప్రశ్న. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత దివిసీమలో శవాలను, పశువుల కళేబరాలను తొలగించిన స్వచ్ఛంద సేవకుల పని మాత్రం ఏ కొలతకూ అందదు.

1997 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన జన్మభూమి శ్రమదానాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా మార్చింది. ఊరి వాటా, సర్కారు వాటా అనే లెక్క మళ్లీ వచ్చింది గాని, పిలుపు పైనుంచి వచ్చినన్నాళ్లే కదలిక ఉండడం దాని బలహీనత. ఈ బలహీనతకు ఎదురు సాక్ష్యం ఆ దివిసీమ వాకిట్లోనే, ఒకప్పుడు జమీందారీకి కేంద్రమైన చల్లపల్లిలో ఉంది. అక్కడ 2014 నవంబరులో ఆరంభమైన స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమంలో వైద్యులు, రైతులు, ఉపాధ్యాయులు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు తెల్లవారకముందే వీధుల్లోకి వచ్చి ఊడ్చారు, మురుగు తీశారు, బాటల పక్కన మొక్కలు నాటారు. ఏ పండుగ కోసమూ కాదు, ఏళ్ల తరబడి రోజూ.