చేవ, కొమ్ము, మన్యపు కత్తి పిడి

కొయ్యూరు పేరు వినగానే తెలుగువారికి 1924 మే 7 గుర్తుకు వస్తుంది. అల్లూరి సీతారామరాజు మంప వద్ద పట్టుబడి, కొయ్యూరులో గుండ్లకు నేలకొరిగిన దినమది. ఆ పోరాటానికి మూలాలలో ఒకటైన అటవీ శాసనం, కొండవాడు తన కత్తికి పిడి వేసుకొనే పనిని సైతం తాకింది. కత్తి అలుగును గురించి చెప్పేవారు ఉన్నారు గాని పిడిని గురించి చెప్పేవారు అరుదు. అందుకే ఈ నాలుగు మాటలు.

పోడు నరకడానికైనా వెదురు చీల్చడానికైనా కత్తి లేనిదే మన్యంలో పూట గడవదు. అలుగును కమ్మరి కొలిమిలో సాగదీస్తాడు. దాని వెనుక సన్నగా దిగే మొనను ఎర్రగా కాల్చి, తొలిచిన పిడిలోనికి దింపితే, లోపలి కొయ్య మాడి మొనకు సరిపడే దారి ఏర్పడుతుంది. సందులలో కరగిన లక్క పోసి, మూతి దగ్గర పొన్ను బిగిస్తారు. పిడి మొదట పగిలేది అక్కడే మరి.

పనితనమంతా కొయ్య ఎంపికలో ఉంది. చెట్టు పైపొరను పురుగు తింటుంది. నడిమి చేవ నిలుస్తుంది. చేవగల మనిషి అని మనం అనడం ఊరకే కాదు. ఇరుగుడు చేవ ఊదారంగు. తుమికిని మనం బీడీ ఆకు కోసమే తలుస్తాము గాని, ముదిరిన చెట్టు లోపల కాటుకవంటి నల్లచేవ ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర లక్కపూతకు తగినదే, కత్తి దెబ్బకు ఆగదు.

కొమ్ము విషయంలో భాష మనలను కొంత మోసగిస్తుంది. గేదె కొమ్ము, కణితి కొమ్ము అని ఒకే మాట వాడతాము. మొదటిది గోరువంటి పదార్థం. లోపల బోలు, వేడికి మెత్తబడి వంగుతుంది. రెండవది అచ్చమైన ఎముక. వంగదు, కోసి అరగదీయవలసిందే. అది ఎద్దు కొమ్మువలె జీవితాంతం ఉండదు. రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది. పైని గరుకు వల్ల చెమట చేతికి జారదు.

18, 19 శతాబ్దులలో విశాఖపట్నం పనివారు దంతం, ఇరుగుడు, గేదె కొమ్ము, కణితి కొమ్ము, ఏదుముళ్ళతో దొరలకు పెట్టెలు చేసి ఇచ్చారు. అవి నేటికీ లండన్ ప్రదర్శనశాలలలో ఉన్నాయి. షెఫీల్డు కత్తుల పిడులకు మన దేశపు కణితి కొమ్ము ఓడలెక్కి వెళ్ళేది. ఇంత వ్యాపారం సాగినా, అడవిలో కొమ్ము ఏరినవాని పేరు ఎక్కడా కనబడదు.

1882 మదరాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయి, కొయ్య తెచ్చుకోవడం నేరానికి దగ్గరయింది. 1922 ఆగస్టు 22 నుండి 24 వరకు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడినవారిలో ఈ బాధ ఎరిగినవారు లేకుండా ఉంటారా? తరువాత 1972 వన్యప్రాణి చట్టం వచ్చింది. 1990ల చివరకు కొమ్ముల ఎగుమతి ఆగింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు వంటి చిన్న ఫలసాయం మీద గిరిజనులకు హక్కు ఇచ్చింది. వేటను, వన్యమృగ శరీరభాగాన్ని తీసుకోవడాన్ని మాత్రం మినహాయించింది.

వేట నిషేధాన్ని నేను తప్పుపట్టను. కణితి బ్రతకాలి. కాని చంపి తెచ్చిన కొమ్ముకూ ఆకులలో తానై రాలిపడిన కొమ్ముకూ తేడా ఏరేవానికి తెలుసు. దానిని మాటలలో చెప్పే శ్రమ చట్టం తీసుకోలేదని నాకు అనిపిస్తుంది. సంతలో ఇప్పుడు ఇనుప గొట్టమే పిడిగా ఉన్న కత్తులు అమ్ముతున్నారు. ఎండలో అవి కాలి, పట్టుకొనే చోట గుడ్డపేలిక చుట్టుకోవలసి వస్తున్నది.