జెండా ఎక్కడిది?

2017లో కాన్సాస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక శ్వేత దురహంకారి కాల్చి చంపాడు. 2023 మే 22న పందొమ్మిదేళ్ళ తెలుగు యువకుడు కందుల సాయి వర్షిత్ నాజీ జెండా వెంటబెట్టుకొని అమెరికా అధ్యక్షభవనం దగ్గరి అడ్డుకట్టలను ట్రక్కుతో గుద్దాడు. 2025లో ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. తనవాళ్ళను చంపే భావజాలాన్ని అతడెలా తలకెత్తుకున్నాడు? అతని మానసిక వ్యాధి కోర్టులో ప్రస్తావనకొచ్చింది. వ్యాధి అలజడిని వివరిస్తుందే గాని ఆ జెండాను వివరించలేదు. దాన్ని చరిత్ర అందించింది.

1929 సంక్షోభం తర్వాత ఉపాధి పోయిన జర్మన్లకు హిట్లర్ యూదులను శత్రువులుగా, తనను రక్షకుడిగా చూపాడు. అవమానానికొక శత్రువు, ఒంటరితనానికొక జెండా: మనిషిని హింసకు నడిపే క్రమం నేటికీ యిదే.

రుద్రారంలో పని దొరకనివాడికి బీహారీ కూలీని శత్రువుగా చూపడం ఆ క్రమంలో తొలిమెట్టు. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో తెలుగు, బీహారీ, ఒడియా కార్మికులు కలిసే కాలిపోయారు. సాహిత్యం చెప్పవలసిన వాస్తవం అది.