నిల్వ, రుచి, విలువ: గోదావరి లంక చుట్ట నుంచి కరీంనగర్, ఆదిలాబాద్ బీడీ దాకా

1.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
- పొగాకు నిల్వ ఉన్నకొద్దీ దాని ఘాటు, వాసన, రుచి ఎందుకు మారతాయో వివరించగలుగుతారు.
- లంక పొగాకు, తునికాకు అనే రెండు ఆకుల చరిత్రను పోల్చగలుగుతారు.
- ఆకు నిల్వకూ, అందులోంచి వచ్చే లాభానికీ గల సంబంధాన్ని ఉత్తర తెలంగాణ ఉదాహరణతో చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

ఉత్తర తెలంగాణ విద్యార్థుల్లో చాలామందికి బీడీల చాట చిన్ననాటి నుంచి తెలిసిన వస్తువే. ఒడిలో చాట, చాటలో తడిపిన ఆకు, తంబాకు, కత్తెర, దారం పెట్టుకొని అమ్మో అమ్మమ్మో కూర్చున్న దృశ్యం సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల్లో ఇంటింటా కనిపించేది. మన కళ్ళెదుట ఉన్నదాన్ని మనం చరిత్ర అనుకోం. ఆ చాటలోని రెండు ఆకుల వెనుక నాలుగు వందల ఏళ్ళ కథ ఉన్నదని చూపడమే ఈ పాఠం ఉద్దేశం.

ప్రపంచంలో ఖరీదైన సిగార్లను ఏళ్ళ తరబడి దాచి, పాతబడిన తరువాత ఎక్కువ ధరకు అమ్ముతారు. పాతబడితే రుచి పెరుగుతుందని వాటిని కాల్చేవారి నమ్మకం. ఈ నమ్మకంలో శాస్త్రం కొంత ఉన్నది. దానితోపాటు ఒక ఆర్థిక ప్రశ్న కూడా ఉన్నది. ఆకు రుచి తేలేవరకు ఆగగలిగింది ఎవరు? ఆగలేక పచ్చి ఆకునే అమ్ముకున్నది ఎవరు? ఈ పాఠం పొడుగునా ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి.

1.2 పొగాకు రాక

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టిన ఈ మొక్కను పోర్చుగీసు వర్తకులు పశ్చిమ తీరానికి తెచ్చారు. 17వ శతాబ్ది ఆరంభంలో బీజాపూర్ నుంచి తిరిగివచ్చిన అసద్ బేగ్ అక్బర్ దర్బారుకు పొగాకును కానుకగా తీసుకువెళ్ళాడు. 1617లో జహంగీర్ దాన్ని నిషేధించాడు. నిషేధం నిలవలేదు. గోల్కొండ రాజ్యంలోని తీరప్రాంతంలో పొగాకు సాగు త్వరగా వ్యాపించి, ఆ శతాబ్దంలోనే మచిలీపట్నం రేవు నుంచి ఎగుమతి కూడా అయింది.

తెలుగు నేలలో పేరు మోసినది గోదావరి లంకల పొగాకు. ఏటా వరద తెచ్చి వేసే ఒండ్రు దీనికి బలం. ఈ ఆకుతో చుట్టిన చుట్టలు లంకల పేరుతోనే ఇంగ్లండు దాకా చేరాయి. 1890లో వెలువడిన ఆర్థర్ కానన్ డాయిల్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదను బట్టి నేరస్థుణ్ణి గుర్తించడం గురించి చెబుతూ ఉదాహరణగా తీసుకున్నది ఈ లంక చుట్టనే. లండన్ పాఠకుడికి పరిచయమైన పేరు కాబట్టే రచయిత దాన్ని వాడి ఉంటాడు. సాహిత్యం కూడా వాణిజ్య చరిత్రకు ఆధారం కాగలదనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

1.3 ఆకులో కాలం చేసే పని

కోసిన పచ్చి ఆకును వెంటనే కాల్చలేం. అది మూడు దశలు దాటాలి.

మొదటిది ఆరబెట్టడం. చుట్ట పొగాకును నీడలో, గాలి ఆడేచోట వేలాడదీస్తారు. ఆకు వెంటనే చచ్చిపోదు. తనలోని పిండిపదార్థాన్ని వాడుకుంటూ కొన్నాళ్ళు జీవిస్తుంది. పచ్చదనం పోయి పసుపు, ఆపై గోధుమ రంగు వస్తుంది. గుంటూరు ప్రాంతంలో 1920లలో మొదలైన వర్జీనియా పొగాకు పద్ధతి వేరు. అక్కడ బ్యారన్‌లో గొట్టాల ద్వారా వేడి పంపి కొద్ది రోజుల్లోనే ఆరబెడతారు. అందువల్ల చక్కెర ఆకులోనే నిలిచి పొగ తియ్యగా ఉంటుంది. నీడన ఆరిన చుట్ట పొగాకులో చక్కెర దాదాపు మిగలదు.

రెండవది మాగబెట్టడం. ఆరిన ఆకు గాలిలోని తేమతో పదునెక్కిన తరువాత దాన్ని మండెలుగా పేరుస్తారు. మండె లోపల దానంతట అదే వేడి పుడుతుంది. ఆ వేడి 50 డిగ్రీల సెల్సియస్ కూడా దాటవచ్చు. అందుకే మండెను విప్పి, లోపలి ఆకు పైకి, పై ఆకు లోపలికి వచ్చేలా మళ్ళీ కడతారు. అలా తిరగవేయకపోతే ఆకు కుళ్ళుతుంది, మాడుతుంది. ఈ దశలో మాంసకృత్తులు విడిపోయి అమ్మోనియా వాయువు బయటికి పోతుంది. నికోటిన్ కొంత తగ్గుతుంది. గొంతు పట్టే ఘాటు తగ్గి, రంగు ముదురుతుంది.

మూడవది నిల్వ. చుట్టిన తరువాత సిగార్లను స్పానిష్ సెడార్ కలపతో చేసిన పెట్టెల్లో, సుమారు 65 నుంచి 70 శాతం తేమలో దాచుతారు. ఇక్కడ మార్పు చాలా నెమ్మది. మిగిలిన అమ్మోనియా పోతుంది. లోపలి ఆకు, మధ్య ఆకు, పై ఆకు ఒకదాని వాసన ఒకటి పట్టి కలిసిపోతాయి. పొగ మెత్తబడుతుంది. అయితే కాలం ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకోరాదు. సువాసననిచ్చే తైలాలు కూడా మెల్లగా ఆవిరవుతాయి. మరీ పాతబడిన సిగార్ చప్పబడుతుంది. తేమ పెరిగితే బూజు, వేడి పెరిగితే పొగాకు పురుగు పడతాయి.

ఒక మాట స్పష్టంగా గుర్తుంచుకోవాలి. నిల్వ వల్ల ఘాటు తగ్గుతుందే తప్ప హాని తగ్గదు. మెత్తని పొగలోనూ క్యాన్సర్ కారకాలు ఉంటాయి. ఉత్తర కోస్తాలో చుట్టను నిప్పు లోపలికి పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్య పరిశోధనలు రుజువు చేశాయి.

1.4 కరీంనగర్, ఆదిలాబాద్ అడవి ఆకు

లంకలను చేరడానికి ముందు గోదావరి బాసర, ధర్మపురి, మంథనిల మీదుగా ప్రవహిస్తుంది. చాలాకాలం పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు ఆ నదే సరిహద్దు. ఇక్కడ పేరుపొందిన ఆకు పొలంలోది కాదు, అడవిలోది. అదే తునికాకు.

ఆకులో పొగాకు చుట్టి కాల్చడం పాత అలవాటే. అది పరిశ్రమగా మారింది 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో, మధ్య భారతంలో. ఉత్తర తెలంగాణకు అందులో చోటు దొరకడానికి రెండు కారణాలు చెప్పవచ్చు. ఒకటి, అడవిలో తునికి చెట్లు విస్తారంగా ఉండటం. రెండు, రైలు. 1929 నాటికి కాజీపేట, బల్లార్షా మార్గం పూర్తయింది. పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా సరుకు ఉత్తరానికీ దక్షిణానికీ పోయే దారి ఏర్పడింది. అదే కాలంలో నిజాం ప్రభుత్వపు అటవీ నిబంధనలు ఆదివాసులకు అడవిని దూరం చేశాయి. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం మరణంతో ముగిసిన పోరాటం ఆ నేపథ్యంలోనిదే.

తునికాకు పని ఏడాదిలో కొద్ది వారాలే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొమ్మలు కొడతారు. దాంతో లేత చిగుళ్ళు వస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారకముందే అడవికి వెళ్ళి ఆకు తెంపి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేరుస్తారు. కల్లేదారు లెక్కపెట్టి తీసుకుంటాడు. కట్టలను ఎండలో పరిచి, తిప్పుతూ ఆరబెట్టి, కొద్దిగా నీళ్ళు చల్లి మెత్తబరచి గోనె సంచుల్లో నింపుతారు. 1,000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే ఒక సంచిలో 50,000 ఆకులు. ఆరేటప్పుడు వాన పడితే మచ్చలు, బూజు వస్తాయి. సరిగా ఆరి, తేమ తగలకుండా గోదాములో ఉన్న ఆకు మరుసటి సీజను దాకా పనికివస్తుంది.

1.5 ఆగగలిగినవారు, ఆగలేనివారు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తెంపిన ఆకును ఆ సాయంత్రమే అమ్మక తప్పదు. తెంపిన కుటుంబానికి కల్లం లేదు, గోదాము లేదు, కూలి కోసం ఆగే శక్తి లేదు. ఆకు విలువ పెరిగేది ఆ తరువాతనే. లంక చుట్ట విషయంలో మండె కట్టి ఆగగలిగిన రైతు, వర్తకుడు ధర పొందారు. ఇక్కడ ఆగగలిగింది కాంట్రాక్టరు. కాబట్టి నిల్వ కూడా ఒక పెట్టుబడే.

ఈ తేడా మీదనే పోరాటాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1971లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల (వ్యాపార నియంత్రణ) చట్టం తెచ్చి తునికాకు వ్యాపారాన్ని తన ఆధీనంలోకి తీసుకున్నది. అయినా కల్లం దగ్గర కట్టకు దక్కేది పైసల్లోనే ఉండేది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర, ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, 1980లో పీపుల్స్ వార్ ఏర్పడటం మీరు వేరే పాఠంలో చదువుతారు. 1980లలో ఈ రెండు జిల్లాల్లో తునికాకు కట్ట రేటు రాజకీయ అంశంగా మారింది, రేటు పెరిగింది. తరువాత 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును పేరుపెట్టి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించి అమ్ముకొనే హక్కును అడవిలో నివసించేవారికి ఇచ్చింది. ప్రాణహితకు ఆవలి గడ్చిరోలి జిల్లాలో కొన్ని గ్రామసభలు తామే ఆకు అమ్ముకుంటున్నాయి.

1.6 చాట దగ్గర

తునికాకు మళ్ళీ మన ఇంటికి వస్తుంది. బీడీలోని తంబాకు ఎక్కువగా కర్ణాటకలోని నిపాణి, గుజరాత్‌లోని చరోతర్ ప్రాంతాల నుంచి వచ్చే ఎండలో ఆరిన పొగాకు. ఒక బీడీకి పట్టేది సుమారు 0.2 గ్రాములు. వెయ్యి బీడీలకు 200 గ్రాములు. సిగార్‌కు తేమ కావాలి, బీడీకి పనికిరాదు. చుట్టిన బీడీలను బట్టీలో వేడిచేసి తేమ తీసేస్తారు. వానకాలంలో మెత్తబడిన బీడీ ఆరిపోతూ ఉంటుంది. సిగార్ కాలం ఏళ్ళలో, బీడీ కాలం వారాల్లో లెక్క.

విచిత్రమేమంటే చట్టం ఈ రెంటినీ ఒకచోట చేర్చింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం పనివేళలు, సెలవులు, ప్రసూతి ప్రయోజనాలను గుర్తించింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. కాని పని కార్ఖానా నుంచి ఇంటికి మారడంతో ఆ హక్కులు చాలామంది స్త్రీలకు కాగితం మీదే ఉండిపోయాయి. ఆకు మంచిది కాకపోతే కత్తిరింపులో వృథా అవుతుంది. ఆ లోటును బయట ఆకు కొని పూడ్చవలసింది చుట్టే స్త్రీయే. కాబట్టి గోదాములో ఆకు ఎలా దాచారన్నది ఆమె కూలిని నేరుగా తాకే విషయం. తంబాకు ధూళి, నడుము నొప్పి ఈ లెక్కలో చేరవు. తెలంగాణ ప్రభుత్వం ఆసరా పథకంలో బీడీ కార్మికులకు పింఛను ఇచ్చి, 2019లో దాన్ని 2,016 రూపాయలకు పెంచడం ఈ శ్రమకు ఆలస్యంగా లభించిన గుర్తింపు.

1.7 సారాంశం

ఆరబెట్టడం, మాగబెట్టడం, నిల్వ చేయడం అనే మూడు దశల్లో కాలం ఆకు రుచిని మారుస్తుంది. అమ్మోనియా, ఘాటు తగ్గి, వాసనలు కలుస్తాయి. హద్దు దాటితే ఆకు చప్పబడుతుంది. ఈ మార్పు ప్రకృతి చేసే పని. దాని లాభం మాత్రం ఆగే శక్తి గలవారికే చేరింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆకు తెంపినవారు, బీడీ చుట్టినవారు ఆ శక్తి లేనివారు. వారి పోరాటాలు, వారి కోసం వచ్చిన చట్టాలు ఈ లోటును కొంతవరకు సరిదిద్దే ప్రయత్నాలు. సిగార్ రుచి గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. చాట ముందు కూర్చున్నవారి చరిత్ర మాత్రం ఇంకా ఎక్కువగా నోటిమాటగానే ఉన్నది. దాన్ని రాయవలసినవారు మీరే.

1.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మండెను మధ్యమధ్య ఎందుకు తిరగవేస్తారు? అయిదు పంక్తుల్లో రాయండి.
2. సిగార్ నిల్వకూ, బీడీ నిల్వకూ గల భేదాన్ని తెలపండి.
3. 'నిల్వ కూడా ఒక పెట్టుబడే' అన్న అభిప్రాయాన్ని తునికాకు వ్యాపారం ఆధారంగా చర్చించండి. (30 పంక్తులు)
4. ప్రాజెక్టు పని: మీ ఇంట్లోగాని, వాడలోగాని 20 ఏళ్ళకు పైగా బీడీలు చుట్టిన ఒక స్త్రీతో మాట్లాడండి. మంచి ఆకును ఆమె ఎలా గుర్తుపడుతుందో, వెయ్యి బీడీలకు మొదట ఎంత కూలి అందిందో, ఇప్పుడు ఎంత అందుతుందో అడిగి, ఆమె మాటల్లోనే రాయండి. రాసే ముందు ఆమె అనుమతి తీసుకోండి. రాసిన తరువాత ఆమెకు చదివి వినిపించండి.